గట్టి పన్ను ఏది?



"కట్టుడు పళ్ళలో ఏది గట్టిదండీ?" అని మమ్మల్ని అడిగేవారు ఈ మధ్య ఎక్కువయ్యారు. మేము దంతవైద్యులము కాము. ఇద్దరమూ శ్రీకాకుళం జిల్లాలో బడిపంతుళ్ళుగా పనిచేసి విశ్రాంతి తీసుకొన్నవారము. ఒకరు సామాన్యశాస్త్రము చెప్పారు, మరొకరు తెలుగు చెప్పారు. అయితే మా ఇంట ఒక దవడ పన్ను పోయి, దాని స్థానములో 2019లో ఇంప్లాంట్ పెట్టించవలసి వచ్చినది. ఆ ఒక్క పన్ను మమ్మల్ని రెండేళ్ళలో రెండుసార్లు విశాఖపట్నం బస్సు ఎక్కించినది. ఆ తరువాత మా అప్ప తనకున్న ఇరవై సెంట్ల భూమి అమ్మాలా వద్దా అన్న ప్రశ్న కూడా ఈ పళ్ళ మీదికే వచ్చి నిలిచినది. గనుక మేము అడిగి, చదివి, కళ్ళార చూసి తెలుసుకొన్న సంగతులు ఇక్కడ వ్రాస్తున్నాము.

ఆ పన్ను మా ఇద్దరిలో ఎవరిది అన్నది చెప్పము. నొప్పి ఒకరిది, ఖర్చు ఇద్దరిదీ.

ముందుగా ఇంప్లాంట్ అంటే ఏమిటో రెండు మాటలు. పన్ను ఊడిన చోట దవడ ఎముకలోనికి సన్నని లోహపు మరను బిగిస్తారు. అది వేరు వంటిది. ఎముక దానిని పట్టుకొనేవరకు కొన్ని నెలలు ఆగుతారు. మాకు నాలుగు నెలలు ఆగారు. తరువాత దాని మీద ఒక చిన్న దిమ్మెను స్క్రూతో బిగించి, ఆ దిమ్మె మీద పంటి ఆకారములో క్యాపు తొడుగుతారు. పైకి కనబడేది క్యాపు ఒక్కటే. "ఏది గట్టిది?" అని అడిగేవారు సాధారణముగా ఆ క్యాపును గురించే అడుగుతారు. కాని బలము ఈ వరుస అంతటిలోను ఉండాలి.

ఎముకలోనికి వెళ్ళే మర టైటానియము. ఈ లోహమును పంటికి వాడవచ్చునని తెలిసిన విధము వినదగినది. స్వీడన్ దేశములో పర్-ఇంగ్వార్ బ్రోనెమార్క్ అను వైద్యుడు 1950ల తొలి సంవత్సరములలో లుండ్ పట్టణములో ఎముక గాయము ఎట్లు మానునో చూడవలెనని కుందేళ్ళ కాలి ఎముకలో చిన్న టైటానియము పరికరము అమర్చాడు. పని అయిన తరువాత దానిని తీసి మరల వాడుకొందామంటే అది ఊడి రాలేదు. ఎముక దానిని అంటి పెరిగి పట్టుకొన్నది. వేరొకరైతే ఖరీదైన సామాను పోయినదని విసుగుకొని ఊరుకొందురేమో. ఆయన మాత్రము ఆ పట్టు గురించే ఆలోచించాడు. 1965లో గోథెన్‌బర్గ్‌లో గోస్టా లార్సన్ అను ఆయనకు క్రింది దవడలో టైటానియము మరలు పెట్టాడు. లార్సన్‌కు పుట్టుకతోనే దవడ, అంగిలి లోపము ఉండెను. 2006లో చనిపోయేవరకు, అనగా నలభై సంవత్సరములకు పైగా, ఆయన వాటితోనే అన్నము తిన్నాడు. అయినను మిగిలిన వైద్యులు నమ్మడానికి చాలా కాలము పట్టినది. 1982లో కెనడాలోని టొరంటోలో జరిగిన సమావేశము తరువాతనే ఈ పద్ధతి లోకమంతటా వ్యాపించినది. బ్రోనెమార్క్ 2014లో కన్నుమూశాడు.

ఎముక టైటానియమును ఎందుకు పరాయిదిగా చూడదు? ఆ లోహము గాలి తగిలిన క్షణములోనే తన మీద ఒక పలుచని పొరను తొడుగుకొంటుంది. కాగితము మందములో పదివేలవ వంతు కూడా ఉండదు ఆ పొర. ఒక విధముగా అది కూడా తుప్పే. అయితే ఇనుప తుప్పు పొరలుగా రాలి లోపలికి తినుకుంటూ పోతుంది. టైటానియము తుప్పు మాత్రము లోహమును మూసి కాపాడుతుంది. నోటిలోని ఉమ్మి, ఉప్పు, పులుపు దానిని అంతగా ఏమీ చేయలేవు. ఉక్కు బరువులో నూటికి అరవై వంతులకన్న తక్కువ తూగుతుంది. ఉక్కు కన్న ఇంచుమించు రెండు రెట్లు సులభముగా సాగి వంగి తిరిగి నిలుస్తుంది. ఇది లోపము కాదు, ఎముక దగ్గర ఇదే మంచి గుణము. ఎముక తానే కొద్దిగా వంగే వస్తువు. బొత్తిగా బిర్రుగా ఉన్నదానిని అందులో దిగగొడితే భారమంతా ఒక్కచోట పడుతుంది.

ఇక్కడ మా ఊరివారికి సంతోషము కలిగించే సంగతి ఒకటున్నది. భీమిలి, కళింగపట్నం, భావనపాడు తీరములలో అల వెనుకకు పోయినప్పుడు ఇసుక మీద నల్లని చారలు కనబడతాయి కదా. ఆ నల్ల ఇసుకలో ఎక్కువ పాలు ఇల్మనైట్, అనగా టైటానియము గల ఖనిజము. దానితో కలిసి జిర్కాన్ రేణువులు కూడా ఉంటాయి. జిర్కోనియా అను తెల్లని పింగాణి వచ్చేది దాని నుండియే. మరయు, క్యాపుయు రెండూ ఒక్క ఒడ్డున పక్కపక్కనే పడియున్నాయన్నమాట! మా నోటిలోనిది మా ఒడ్డు ఇసుకేనని మేము అనడము లేదు. లోకములో తవ్వే టైటానియము ఖనిజములో అత్యధిక భాగము తెల్ల రంగు తయారీకి పోతుంది; గోడలకు వేసే పెయింటులో ఉండేది అదే. లోహముగా మారేది స్వల్పము. అయితే ఈ రెండు లోహముల పని మన హైదరాబాదులోనూ జరుగుచున్నది. మిధాని వారు టైటానియము మిశ్రమ లోహములను, న్యూక్లియర్ ఫ్యూయల్ కాంప్లెక్స్ వారు అణు విద్యుత్తు కొరకు జిర్కోనియము గొట్టములను తయారు చేస్తున్నారు.

ఇక మా పన్ను సంగతి. 2019లో రూ. 32,000 ఖర్చయినది. పైన పెట్టిన క్యాపు లోపల లోహపు గిన్నె, దాని మీద పంటి రంగు పింగాణి కాల్చినది. 1960ల నుండి లోకమంతటా నమ్మకముగా వాడుతున్న పద్ధతియే అది. పదునాలుగు నెలలు బాగానే నడిచినది. తరువాత ఒకనాడు అన్నములో చిన్న రాయి తగిలి క్యాపు బుగ్గవైపు అంచు పెచ్చు లేచినది. లోపలి లోహము నల్లగా కనబడినది. పెట్టిన వైద్యశాలవారు "మీరు గట్టివి కొరికియుంటారు" అని ఊరుకొన్నారు. మేము వేరొక వైద్యురాలి దగ్గరకు వెళ్ళాము. ఆమె క్యాపు తీసి అద్దము క్రింద చూపించారు. క్రింది లోహపు గిన్నె పంటి ఆకారములో కాక చదునుగా చేసియున్నది. అందుచేత అంచున పింగాణి రెండు మిల్లీమీటర్లకు మించి మందముగా, క్రింద ఆధారము లేకుండ నిలిచియున్నది. "అరుగు అంచు దాటి వేసిన బండ మీద నిలబడితే ఏమవుతుంది మాష్టారూ? బండ మంచిదే, క్రింద గోడ లేదు," అని ఆమె అన్నారు.

అప్పుడు మేము బలము అను మాటను గురించి మొదటిసారి నిజముగా ఆలోచించాము. పింగాణి జాడీ సంగతి మన ఆడవారికి బాగా తెలుసు. ఆవకాయ జాడీ మీద పీట వేసి మనిషి కూర్చున్నా ఓర్చుకొంటుంది. అదే జాడీ అంచుకు గరిటె తగిలితే పెచ్చు లేస్తుంది. నొక్కుడును అది ఓర్చుకొంటుంది గాని, వంపును, లాగుడును ఓర్చుకొనదు. అందుచేతనే పంటి సామగ్రిని పరీక్షించేవారు సన్నని బద్ద చేసి, రెండు వైపులా ఆనించి, నడుమ బరువు వేసి, ఎంతకు విరుగునో చూస్తారు. ఆ కొలతను మెగాపాస్కల్ లెక్కలో చెబుతారు. ఒక మెగాపాస్కల్ అంటే చదరపు సెంటీమీటరుకు ఇంచుమించు పది కిలోల బరువు.

ఆ లెక్కలో పళ్ళ సెట్టుకు వాడే అక్రిలిక్ ప్లాస్టిక్ 60 నుండి 90 వరకు. పైన కాల్చే మామూలు పింగాణి కూడా అంతే, మహా అయితే 100. ముందు పళ్ళకు ఇష్టముగా వాడే లిథియము డైసిలికేట్ అను గాజు పింగాణి 360 నుండి 400. మొదటి రకపు జిర్కోనియా 900 నుండి 1200. మెరుపు కొరకు తరువాత వచ్చిన జిర్కోనియాలో అందము పెరిగి బలము తగ్గినది. 500 నుండి 700 అనుకోవచ్చును. "జిర్కోనియా" అను ఒక్క పేరు క్రింద ఇంత తేడా ఉన్నది. దుకాణములో బియ్యము అడిగితే ఏ బియ్యమని అడుగుతాము. ఇక్కడ కూడా ఏ జిర్కోనియా అని అడగడము తప్పు కాదు. దవడ పంటికైతే మొదటి రకమే మేలు, ఎవరూ చూడని చోట మెరుపుతో పని లేదు.

జిర్కోనియాకు అంత బలము ఎక్కడిది అన్నది మాలో శాస్త్రము చెప్పినవారిని చాలా రోజులు పట్టుకొన్నది. 1975లో ఆస్ట్రేలియాలో గార్వీ, హానింక్, పాస్కో అను ముగ్గురు దీనిని లోకమునకు తెలియజేశారు. పింగాణిలో ఉక్కు వంటిది దొరికినదా అని ప్రశ్నార్థకము పెట్టి మరీ ఆ వ్యాసమునకు పేరు పెట్టారు. జిర్కోనియాలో కొద్దిగా యిట్రియా కలిపి కాల్చినప్పుడు దాని రేణువులు ఒక విధమైన అమరికలో ఆగి ఉంటాయి. ఎక్కడైనా పగులు మొదలైతే ఆ పగులు మొనలో ఉన్న రేణువులు ఇంకొక అమరికకు మారి, నూటికి నాలుగు వంతుల వరకు ఉబ్బుతాయి. ఉబ్బి పగులును రెండు వైపులనుండి నొక్కి ఆపుతాయి. మన తీరములో నాటు పడవలు వాడిన వారికి ఇది వెంటనే అర్థమవుతుంది. ఎండకు పెట్టిన పడవ చెక్కల నడుమ సందులు పడతాయి. నీటిలో దింపితే చెక్క ఉబ్బి సందు తానే మూసుకొంటుంది. అయితే నీటికి ఇంకొక ముఖము ఉన్నది. చెమ్మలో ఏళ్ళ తరబడి ఉంటే అదే మార్పు జిర్కోనియా పైపొరలో అవసరము లేకుండానే నెమ్మదిగా జరుగుతుంది. తుంటి కీళ్ళకు జిర్కోనియా గుండ్లు వాడిన కాలములో, తయారీలో కొలిమి మార్చినందువలన కొన్ని గుండ్లు ముందుగానే పగిలి, 2001లో వాటిని వెనుకకు పిలిపించారు. వస్తువు ఒకటే, కాల్చిన తీరు వేరు. కుమ్మరివారికి ఈ సంగతి ఎవరూ చెప్పనక్కరలేదు.

నగల అంగడిలో అమెరికన్ డైమండ్ అని అమ్మే రాయి కూడా ఈ జిర్కోనియాకు తోబుట్టువే, రేణువుల అమరిక వేరు. మా వైద్యురాలు ఇది చెప్పినప్పుడు, "అయితే ఇన్నాళ్ళూ మెడలో వేసుకొన్నది ఇప్పుడు నోటిలో పెట్టుకొంటామా!" అని నవ్వుకొన్నాము.

అంత గట్టిది ఎదుటి పన్నును అరగదీయదా? మేమూ అదే అడిగాము. నునుపుగా సానబెట్టిన జిర్కోనియా ఎదుటి పంటికి మామూలు పింగాణి కన్న తక్కువ కీడు చేస్తుందని పరీక్షలలో తేలినది. గరుకుగా వదిలితేనే ఆకురాయి అవుతుంది. నోటిలో సరిచేయడానికి కొంచెము అరగదీస్తే, తిరిగి సానబెట్టమని అడగడము మరువకూడదు.

ఇంతకీ మన సొంత పన్ను ఎంత గట్టిది? ఎడ్లబండి చక్రమును చూడండి. పైన ఇనుప పట్టా, లోపల కొయ్య. పట్టా అరుగుదలను ఓర్చుకొంటుంది, కొయ్య దెబ్బను మింగుతుంది. పంటిలో పై పింగాణి వంటి పొర పట్టా వంటిది, లోపలిది కొయ్య వంటిది. అంతేకాక పంటి వేరుకు, ఎముకకు నడుమ అగ్గిపెట్టె అట్ట కన్న సన్నని నారల పరుపు ఉన్నది. పడుచువారు దవడ పళ్ళతో గట్టిగా కొరికితే 50 నుండి 70 కిలోల బరువు పడుతుంది. ఆ పరుపు మీద పన్ను వెంట్రుకవాసి దిగి మరల లేస్తుంది. ఎంత బరువు పడినదో మెదడుకు కబురు చేసేది కూడా ఆ పరుపే. అన్నములో రాయి తగలగానే దవడ తానే ఆగిపోవడము అందుచేతనే. ఇంప్లాంట్‌కు ఈ పరుపు లేదు. ఎముకకు సూటిగా అంటుకొన్నది. కబురు ఆలస్యముగా, మందముగా అందుతుంది. స్ప్రింగు లేని సైకిలు సీటు మీద గతుకుల బాటలో పోవడము వంటిది. అందుకే మంచి వైద్యులు ఇంప్లాంట్ పంటిని పక్క పళ్ళకన్న పిసరంత తేలికగా తగిలేటట్లు ఉంచుతారు. నీలి కాగితము కొరికించి చూసేది దానికొరకే. "ఇంకా సరిగా ఆనలేదు" అని మనము తొందరపెట్టకూడదు.

పెచ్చు లేచిన క్యాపు సంగతి ఇంకా తేలకముందే, 2021లో పన్ను కొద్దిగా కదలడము మొదలైనది. ఇంప్లాంట్ ఊడిపోతున్నదని మేము భయపడ్డాము. ఆ రాత్రి మా ఇంట ఎవరికీ నిద్ర లేదు, రూ. 32,000 మాకు చిన్న మొత్తము కాదు. తీరా చూస్తే కదిలినది ఎముకలోని మర కాదు, నడిమి స్క్రూ. రెండు మిల్లీమీటర్ల లావు గల ఆ చిన్న స్క్రూను ఒక లెక్క ప్రకారము బిగించాలి. సెంటీమీటరు పొడవు గల పిడికి మూడున్నర కిలోల బరువు వేలాడదీసినంత బలముతో బిగించి, పది నిమిషములు ఆగి, మరల ఒకసారి బిగిస్తారు. బిగింపు తక్కువైతే నమిలే ప్రతిసారీ ఇసుమంత కదిలి వదులవుతుంది. ఎక్కువైతే స్క్రూయే తెగుతుంది.

రోటవేటర్ నడిపే మా తమ్ముడు ఇది విని, "అది షియర్ బోల్టే కదండీ!" అన్నాడు. చేనులో రాయి తగిలితే ముందు ఆ బోల్టు తెగుతుంది, గేరు బాక్సు బ్రతుకుతుంది. బోల్టు తెగుతున్నదని దాని స్థానములో ఉక్కు కడ్డీ దిగగొట్టిన రైతు తరువాత గేరు బాక్సు కొనుక్కొంటాడు. మా వైద్యురాలు ఆ పోలికను ఒప్పుకొన్నారు. స్క్రూ కావాలని తెగేటట్లు చేసినది కాదు గాని, ఈ వరుసలో ఏదో ఒకటి లొంగవలసి వస్తే ఎముకలోని మర కన్న స్క్రూ లొంగడమే మేలు. దానిని మార్చవచ్చును, ఎముకను మార్చలేము.

ఒక్క దెబ్బకు ఎంత ఓర్చునన్నది కాదు, లక్షల దెబ్బలకు ఎంత ఓర్చునన్నదే ఇక్కడ ముఖ్యము. ఇనుప తీగను పదిసార్లు ఇటూ అటూ వంచితే తెగుతుంది, ఒక్కసారి లాగితే తెగదు. ఇంప్లాంట్లను పరీక్షించే అంతర్జాతీయ పద్ధతిలో మరను 30 డిగ్రీలు వాల్చి నిలిపి, 50 లక్షల సార్లు కొట్టి చూస్తారు. ఆ పరీక్షకు నిలిచిన సరుకా కాదా అని అడిగే హక్కు డబ్బు ఇచ్చేవారికి ఉన్నది.

ఇక్కడ చదువరులకు ఒక మనవి. మా మొదటి వైద్యశాలవారు ఇంప్లాంట్ కంపెనీ పేరు, కొలత వ్రాసిన చిన్న కార్డు ఇచ్చారు. పెన్షను కాగితములతో కలిపి దాచాము. ఒక్కొక్క కంపెనీ స్క్రూ ఒక్కొక్క విధము. ఒకరి పానా ఇంకొకరిదానికి పట్టదు. ఆ కార్డు ఉన్నందున రెండవ వైద్యురాలు అరగంటలో సరియైన స్క్రూ తెప్పించారు. కార్డు ఇవ్వకపోతే అడిగి తీసుకొనండి. కొత్త క్యాపు పూర్తి జిర్కోనియాతో, పైనుండి స్క్రూ తిప్పడానికి వీలుగా రంధ్రముతో చేయించారు. క్రింద టైటానియముతో కలిసే చోట మాత్రము టైటానియము ముక్కనే అతికారు. జిర్కోనియా నేరుగా టైటానియము మీద రాసుకొంటే మెత్తనిది అరుగుతుంది కదా. మెత్తనిది ఎముకలో ఉన్నది.

ఇప్పుడు అప్ప సంగతి. మాలో ఒకరికి అప్ప, ఒకరికి వదిన. 2022 నాటికి ఆమెకు డెబ్బై ఒక్క సంవత్సరములు. భర్త లేరు. నోటిలో ఒక్క పన్ను లేదు. పై సెట్టు అంగిలికి అంటుకొని నిలిచేది గాని, క్రింది సెట్టు నీటి మీద ఆకులాగ తేలేది. మాట్లాడితే లేచేది, నమిలితే గుచ్చేది. చోడి అంబలి, పాలు పోసి పిసికిన అన్నము తప్ప ఏమీ తినలేక ఏడాదిలో చిక్కిపోయినది. పెళ్ళి విందుకు వచ్చి ఆకు ముందు కూర్చొనేది కాదు, పిల్లలను ఎత్తుకొని బయట తిరిగేది. అందరితో కలిసి పాడేటప్పుడు చెయ్యి నోటికి అడ్డము పెట్టుకొనేది. ఇది చూడడము మాకు చాలా కష్టముగా ఉండెను.

పట్టణములో ఉన్న ఆమె మేనల్లుడు ఒక పెద్ద వైద్యశాలలో అడిగి వచ్చాడు. క్రింది దవడ అంతటికి ఇంప్లాంట్లు, వాటి మీద కదలకుండ జిర్కోనియా పళ్ళ వరుస, రూ. 4,20,000. జీవితకాలము హామీ అన్నారట. అప్ప వెంటనే ఇరవై సెంట్లకు బేరము మాట్లాడమన్నది.

"ఉక్కు కంటే గట్టిదంట కదా తమ్ముడూ, అదే ఎయ్యించండి. ఆ భూమి నాతో కూడా వస్తాదేటి?"

భూమి ఆమెది, నోరు ఆమెది. వద్దనడానికి మేమెవరము? అయితే ఆ హామీ కాగితము తెప్పించి చదివాము. హామీ జిర్కోనియా వరుసకు మాత్రమే ఉన్నది. ఎముకకు, చిగురుకు, స్క్రూలకు లేదు. మా వైద్యురాలి దగ్గరకు అప్పను తీసుకొనివెళ్ళాము. ఆమె మొదట దవడ చూడలేదు, మూడు నెలల షుగరు పరీక్ష వ్రాశారు. 10.1 వచ్చినది. అప్ప దగ్గర పొగాకు వాసన కూడా ఆమె పసిగట్టారు. మన ప్రాంతపు ఆడవారు కొందరు చుట్టను నిప్పు లోపలికి పెట్టి అడ్డపొగ త్రాగడము చదువరులకు క్రొత్త కాదు. మా అప్పకు పెళ్ళికి ముందునుండి అలవాటు. "షుగరు ఇట్లుండి, చుట్ట ఇట్లుండగా బంగారము పెట్టినా ఎముక పట్టుకోదమ్మా. లోహము గట్టిదే, పట్టుకొనవలసినది మీ ఎముక," అని ఆమె సూటిగా చెప్పారు.

తరువాత జిర్కోనియా మాట వచ్చినది. "మీ పై సెట్టు ప్లాస్టిక్. క్రింద రాతి వంటిది పెడితే పైది త్వరగా అరుగుతుంది, నమిలినప్పుడల్లా కదులుతుంది. రోలు గట్టిదైతే సరిపోదు, రోకలిని కూడా చూడాలి. ఆ వరుస ఎక్కడైనా పగిలితే ముక్క అతకడానికి వీలుండదు, చాలావరకు అంతా క్రొత్తగా చేయవలసినదే. మీ వేళ్ళు కీళ్ళనొప్పులతో వంకర పోయియున్నాయి. కదలని వరుస క్రింద సన్నని బ్రష్షుతో దినమూ మీరు శుభ్రము చేయగలరా?" అని అడిగారు. అప్ప తన చేతులు చూసుకొన్నది. ఏమీ మాట్లాడలేదు.

ఆమె చెప్పిన మార్గము వేరు. ముందువైపు రెండే ఇంప్లాంట్లు, వాటి మీద టిచ్ బటన్ వంటి గుండీలు, వాటికి టక్కున పట్టుకొనే మామూలు ప్లాస్టిక్ సెట్టు. తీసి కడుక్కొని మరల పెట్టుకోవచ్చును. 2002లో కెనడాలోని మెక్‌గిల్ విశ్వవిద్యాలయములో నిపుణులు కూడి, క్రింది దవడలో పళ్ళన్నీ పోయినవారికి మొదట ఆలోచించవలసినది ఇదేనని తీర్మానించారు. ఖర్చు రూ. 85,000. మా లెక్కలో 70 దగ్గర ఉన్న వస్తువు, 1000 దగ్గర ఉన్నదానిని ఇక్కడ ఓడించినది.

అప్పకు మొదట నచ్చలేదు. ప్లాస్టిక్ అంటే చవక అని ఆమె భావము. వారము రోజులు మాతో ముభావముగా ఉన్నది. మేము బలవంతము చేయలేదు. ఎనిమిదవ రోజున ఫోను చేసి, "ముందు ఆ చుట్ట సంగతి సూద్దాం," అన్నది. అయిదు నెలలు పట్టినది. చుట్ట మానడము కన్న భూమి అమ్మడము సులువని రెండు మూడు సార్లు మాతో అన్నది. షుగరు 7.4కు దిగినది. 2023 ఫిబ్రవరిలో ఇంప్లాంట్లు పెట్టారు, జూలైలో సెట్టుకు గుండీలు అమర్చారు. ఇంటికి వచ్చిన మూడవ రోజున చేపల పులుసుతో పెద్ద ముద్దలు కలుపుకొని తిన్నది. ఆ తరువాతి నెలలో మా ఇంటి పెళ్ళిలో పంక్తిలో కూర్చున్నది.

ఖర్చులు లేవని కాదు. 2024లో సెట్టులోని ఒక ప్లాస్టిక్ పన్ను ఊడినది; గంటలో రూ. 500కు అతికి ఇచ్చారు. గుండీలలో నైలాను వాషర్లు ఉంటాయి. పెట్టి తీసి, పెట్టి తీసి అవి సాగుతాయి. ఏడాదికి ఒకసారి మార్చాలి. ఇప్పటికి రెండుసార్లు మార్పించాము. వాటిలో రంగును బట్టి పట్టు ఉంటుంది. మా వైద్యురాలి దగ్గరున్న వాటిలో నీలము మెత్తనిది, గులాబి నడిమిది, తెలుపు గట్టిది. రెండవసారి వెళ్ళినప్పుడు తెల్లవి వేయమంటారా అని ఆమె అడిగారు. అప్ప కుర్చీలో పడుకొనియే చెయ్యి ఎత్తి, "తెల్లవొద్దమ్మా, తీద్దామంటే నా ఏళ్ళు నొప్పెడతాయి. గులాబివే ఉంచీ," అన్నది. ఇంకొక జత గులాబివి చిన్న పొట్లములో కట్టించి, తన కార్డుతో కలిపి మా బీరువాలో పెట్టమని ఇచ్చినది. ఇరవై సెంట్లలో ఆ ఏడు పెసలు చల్లించినది.